గ్రూపు లోను బాకీ 18 వేలు, వచ్చినాయన 31 వేలు అడుగుతున్నాడు, కట్టాలా?

నరసరావుపేట_కుర్రోడు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మా అమ్మ ఊళ్ళో వేరే ఆడవాళ్ళతో కలిసి ఒక ఫైనాన్స్ కంపెనీలో గ్రూపు లోను తీసుకుంది. డ్వాక్రా కాదు, ప్రైవేటు. 50,000, గేదె కొనడానికి. 24 నెలలు, నెలకి 2,645 వాయిదా, వడ్డీ 24 శాతం అని కార్డు మీద ఉంది. 17 వాయిదాలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టింది. తర్వాత మిరపకోతలకి వెళ్ళి పడిపోయి మణికట్టు విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, కూలికి వెళ్ళలేదు కాబట్టి 4 వాయిదాలు ఆగిపోయాయి. ఇంకో 3 వాయిదాలు ముందున్నాయి. నేను హైదరాబాద్‌లో గోడౌన్లో చేస్తున్నా, వాయిదాలు ఆగిన సంగతి ఇంట్లోవాళ్ళు నాకు చెప్పలేదు, బాధపడతానని.

ముందు వచ్చే ఫీల్డ్ ఆఫీసర్ మంచోడే, ఆయన మారిపోయాడంట. ఇప్పుడు ఎవరో కొత్తాయన బైకు మీద వస్తున్నాడు, శనివారం లోపు 31,000 కట్టాలి అంటున్నాడు. అంత ఎలా అయింది అని నాన్న అడిగితే చీటీ మీద రాసిచ్చాడు. బాకీ 18,515, లేటు ఫీజు 6,000, దాని మీద జీఎస్టీ 1,080, విజిట్ చార్జీలు 2,400, లీగల్ చార్జీలు 3,000, కలిపితే 30,995, దాన్ని 31,000 చేశాడు. రసీదు ఇస్తారా అంటే మొత్తం కట్టాక ఇస్తాం అన్నాడు. డబ్బు కూడా కంపెనీ ఖాతాకి కాదు, తన ఫోన్‌పే నంబరుకి వెయ్యమంటున్నాడు.

మొన్న రాత్రి ఏడున్నరకి వచ్చి వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడంట. గ్రూపులో మిగతావాళ్ళని పిలిపించి ఈమె కట్టకపోతే మీరందరూ కలిసి కట్టాలి, లేదంటే ఎవరికీ కొత్త లోను రాదు అన్నాడు. రేషన్ కార్డు తీసేయిస్తాం, మామ్మ పింఛను ఆపేయిస్తాం, మీ అబ్బాయి కంపెనీకి ఫోన్ చేస్తాం అని కూడా అన్నాడు. అమ్మ అన్నం తినడం లేదు, చెవి కమ్మలు తాకట్టు పెడతాను అంటోంది.

మాకు ఎగ్గొట్టాలని లేదు, తీసుకున్నాం కాబట్టి కడతాం. కానీ ఈ 31,000 నిజంగా బాకీయేనా? అసలు లెక్క ఎలా తెలుస్తుంది? శనివారం వస్తే ఏం చెప్పాలి?

---

గుంటూరు_వ్యాపారి:

తమ్ముడూ, నా మాట విని గొడవ పెట్టుకోవద్దు. ఊళ్ళో పరువు పోతే మళ్ళీ రాదు, మీరేమో హైదరాబాద్‌లో ఉన్నారు, అమ్మా నాన్నా ఒక్కళ్ళే ఉంటారు. వాళ్ళు 31 అంటే 24, 25 దగ్గరకి దిగుతారు, పెద్దమనిషి ఎవరినైనా కూర్చోబెట్టి మాట్లాడి ఒకేసారి ఇచ్చేసి వదిలించుకోండి. రూల్స్ అన్నీ ఉంటాయి కానీ వాటి వెంట తిరగడానికి మనకి టైము ఉండాలి కదా.

---

ఓరుగల్లు_పోరడు:

గుంటూరు అన్నా, మీరు మంచికే చెప్తున్నరు కానీ ఇది చాన డేంజర్ సలహా. నేను పర్సనల్ లోన్‌ల గిట్లనే చేసిన. ఏజెంటుతోని మాట్లాడి అడిగినదాంట్ల సగానికి ఒప్పుకొని ఆయన చెప్పిన నంబరుకు కొట్టిన, అయిపోయింది అనుకున్న. ఏడాది తర్వాత బండి లోనుకు పోతే సిబిల్‌ల పాత లోను ఇంకా ఓవర్‌డ్యూ అని చూపెడుతుంది, కంపెనీకి ఫోన్ జేస్తే మాకు అసలు ఆ పైసలే రాలే అన్నరు, ఆ ఏజెన్సీతోని మాకు కాంట్రాక్టే లేదు అన్నరు. మళ్ళ కట్టిన.

ఇంకొకటి, నిజంగా కంపెనీతోనే సెటిల్మెంట్ చేసుకున్నా రిపోర్టుల సెటిల్డ్ అని పడుతది, క్లోజ్డ్ అని పడదు. రెండిటికీ చాన తేడా. సెటిల్డ్ అంటే వీళ్ళు మొత్తం కట్టలే, కంపెనీ కొంత వదులుకుంది అని అర్థం, తర్వాత లోన్ ఇచ్చేటోళ్ళు దాన్ని చూసి వెనుకకు పోతరు. మీ అమ్మ 18 వేల బాకీకి 25 వేలు ఇచ్చి కూడా సెటిల్డ్ అనిపించుకుంటే ఎంత అన్యాయం చెప్పు. మీరు కట్టాల్సింది ఎంతో అంతే కట్టి క్లోజ్డ్ అని రాయించుకోవాలె. ఆ ఫోన్‌పే నంబరుకు మాత్రం ఒక్క రూపాయి వెయ్యకు తమ్మీ.

---

మాజీ_ఫీల్డ్‌ఆఫీసర్:

నేను ఇలాంటి కంపెనీలోనే ఆరేడేళ్ళు చేశాను, ప్రకాశం జిల్లా సైడు సెంటర్ మీటింగులు పెట్టేవాణ్ణి. కాబట్టి ఆ చీటీ చూడగానే నాకు విషయం అర్థమైంది. ఒక్కొక్కటీ చెప్తాను, పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని చూడండి.

ముందు 18,515. ఇది 7 వాయిదాలు, 2,645 చొప్పున. కానీ అందులో ఇప్పటికి గడువు దాటినవి 4 మాత్రమే, అంటే 10,580. మిగతా 3 వాయిదాలకి ఇంకా తేదీ రాలేదు. తేదీ రాని వాయిదా ఈ శనివారం లోపు కట్టమనడానికి ఆయనకి హక్కు లేదు, కంపెనీ లోను మొత్తం వెనక్కి అడుగుతున్నట్టు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే వేరే సంగతి, అది అగ్రిమెంటులో ఉండాలి, మీ అమ్మగారికి అందాలి. పైగా మొత్తం ఇప్పుడే క్లోజ్ చేస్తే రాబోయే 3 నెలల వడ్డీ కట్టక్కర్లేదు, ఆ 3 వాయిదాల 7,935లో అసలు సుమారు 7,620 వరకే ఉంటుంది. మైక్రోఫైనాన్స్ లోను ముందుగా తీర్చేస్తే దానికి పెనాల్టీ కూడా వెయ్యకూడదు. ఆయన మాత్రం రాబోయే నెలల వడ్డీ కూడా ఇప్పుడే కలిపేశాడు.

తర్వాత 6,000 లేటు ఫీజు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. 50,000 మీద 3 శాతం అంటే 1,500. నాలుగు నెలలు, 6,000. అంటే మొత్తం లోను మీద పెనాల్టీ వేశాడు! అమ్మగారు 17 వాయిదాలు కట్టేసిన డబ్బు మీద కూడా. ఇది కుదరదు. ఆగిన సొమ్ము మీద మాత్రమే పెనాల్టీ వెయ్యాలి, మొత్తం లోను మీద కాదు అని మైక్రోఫైనాన్స్ రూల్స్‌లో స్పష్టంగా రాసి ఉంది. అదే 3 శాతం రేటు సరైన పద్ధతిలో వేసి చూద్దాం, మొదట ఆగిన వాయిదాకి 4 నెలలు, రెండోదానికి 3, మూడోదానికి 2, నాలుగోదానికి 1, మొత్తం 10 నెలల లెక్క. 2,645 మీద 3 శాతం 79 రూపాయల 35 పైసలు, పదింతలు చేస్తే 793.50. ఆరు వేలు ఎక్కడ, ఎనిమిది వందలు ఎక్కడ. ఆ 3 శాతం కూడా మీ కార్డు మీద ఉంటేనే, అక్కడ తక్కువ రాసి ఉంటే అదే.

విజిట్ చార్జీలు అనేది నేను చేసినన్నాళ్ళు మా కలెక్షన్ షీటులో లేదు. బయట ఏజెన్సీకి ఇచ్చినప్పుడు కంపెనీ వాళ్ళకి కమీషన్ ఇస్తుంది, కొందరు దానితో ఆగకుండా పెట్రోలు, తిరిగిన ఖర్చు అని జనం దగ్గర కూడా లాగుతారు. అది కంపెనీకి చేరదు. అందుకే ఆయన రసీదు ఇప్పుడు ఇవ్వను అంటున్నాడు, ఆయన చేతిలో ఉన్న మెషీన్లో విజిట్ చార్జీలు కొట్టే ఆప్షనే ఉండదు.

లోన్ కార్డు జాగ్రత్తగా దాచుకోండి, రెండు వైపులా ఫోటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి. కట్టిన ప్రతి వాయిదాకి దాని మీద వాళ్ళు ఎంట్రీ వెయ్యాలి, ఆ ఎంట్రీలే మీకు సాక్ష్యం. కార్డు మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు కూడా దాని మీదే ఉండాలి. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. శనివారం వచ్చినాయన కార్డు ఇవ్వండి ఎంట్రీ వేస్తాను అని అడిగినా చేతికి ఇవ్వొద్దు, తీసుకుని వెళ్ళిపోతే మళ్ళీ తిరగాలి.

---

లీగల్ఎయిడ్_అక్క:

తమ్ముడూ, నేను జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌ని, గ్రూపు లోన్ల కేసులు మా దగ్గరకి చాలా వస్తాయి. ముందు అమ్మకి ఫోన్ చేసి కమ్మలు తాకట్టు పెట్టొద్దని చెప్పు. రేషన్ కార్డు, పింఛను గవర్నమెంటు ఇచ్చేవి, వాటిని ఆపించే అధికారం ఏ ఫైనాన్స్ కంపెనీకీ లేదు. లోను వాయిదా ఆగడం నేరం కూడా కాదు, అది సివిల్ వ్యవహారం, పోలీసులు వచ్చి తీసుకెళ్ళేది ఏమీ ఉండదు. ఒకవేళ లోను ఇచ్చేటప్పుడు చెక్కులు తీసుకుని అవి బౌన్స్ అయితే వేరే కేసు వస్తుంది, అది మాత్రం అమ్మని అడిగి తెలుసుకో.

ఇప్పుడు మన హక్కులు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే లోను ఏదైనా మైక్రోఫైనాన్స్ కిందకే వస్తుంది. వాటికి రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో రూల్స్ తెచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో వసూలు విషయంలో చెయ్యకూడనివి అని ఒక జాబితా ఉంది, బూతులు తిట్టడం, బెదిరించడం, చుట్టాల్నీ తోటివాళ్ళనీ వేధించడం, బాకీ ఉన్నవాళ్ళ పేర్లు బయటపెట్టడం, ఇవన్నీ ఉన్నాయి. దాంట్లోనే ఇంకొకటి ఉంది చూడు, బాకీ ఎంత ఉందనే విషయంలో గానీ కట్టకపోతే ఏమవుతుందనే విషయంలో గానీ మనిషిని తప్పుదోవ పట్టించకూడదు. ఆ చీటీ ఒక్కటి చాలు, రేషన్ కార్డు బెదిరింపు ఒక్కటి చాలు, రెండూ నేరుగా దీని కిందకే వస్తాయి. ఎక్కువ అడగడం అనేది బేరం మొదలుపెట్టే పద్ధతి అని చాలామంది అనుకుంటారు, కాదు, అదే ఒక తప్పు. దాని మీద విడిగా ఫిర్యాదు చెయ్యొచ్చు.

టైము సంగతి. మామూలు లోన్లకి ఏజెంట్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, మైక్రోఫైనాన్స్‌కి ఇంకా కట్టుదిట్టం, 9 నుంచి 6 మధ్యలోనే. ఏడున్నరకి ఇంటికి రావడం తప్పు. ఇంటికి రావడమే తప్పు అని మాత్రం అనొద్దు, వాయిదా కట్టే చోటికి వరసగా రెండుసార్లు రాకపోతే వాళ్ళు ఇంటికి రావచ్చు, అమ్మవి నాలుగు ఆగాయి కదా. కానీ వచ్చే మనిషి దగ్గర ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు, నోటీసు కాపీ ఉండాలి. ఆయన ఏ ఏజెన్సీ తరఫున వస్తున్నాడో ముందే కంపెనీ అమ్మకి చెప్పాలి, తన వెబ్‌సైటులో కూడా ఆ ఏజెన్సీల వివరాలు పెట్టాలి. చూడు, పేరు లేకపోతే అక్కడే తేలిపోతుంది.

చార్జీల గురించి. లోను ఇచ్చేటప్పుడు ఒక ఫ్యాక్ట్ షీటు ఇస్తారు, దాంట్లో రాయని ఏ రుసుమూ మన దగ్గర తీసుకోకూడదు, కంపెనీ అయినా దాని ఏజెంటు అయినా. విజిట్ చార్జీలు, లీగల్ చార్జీలు ఆ షీటులో ఉన్నాయా లేవా అదొక్కటే ప్రశ్న. పెనాల్టీ మీద జీఎస్టీ వేశాడన్నావు కదా, 2024 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ మీటింగు తర్వాత క్లారిటీ ఇచ్చారు, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వేసే పీనల్ చార్జీల మీద జీఎస్టీ లేదు. ఆ 1,080 అక్కడే పోయింది. ఇంకా పెనాల్టీని అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వెయ్యకూడదని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇంకో సర్క్యులర్ ఇచ్చింది, అది కూడా స్టేట్‌మెంటులో చూసుకో.

రేపే కంపెనీకి ఈమెయిల్ పెట్టు, అమ్మ పేరు మీద కాగితం రాసి బ్రాంచిలో కూడా ఇప్పించు, కాపీ మీద స్టాంపు వేయించుకో. స్టాంపు వెయ్యం అంటే రిజిస్టర్ పోస్టులో పంపు. ఇలా రాయి,

"అయ్యా, నా లోను నంబరు ఫలానా. 24 వాయిదాల్లో 17 కట్టాను, అనారోగ్యం వల్ల 4 ఆగాయి. మీ తరఫున వచ్చానని చెప్పిన వ్యక్తి 31,000 కట్టమని ఫలానా తేదీన చీటీ రాసిచ్చారు, దాని ఫోటో జతచేశాను. నా లోను పూర్తి స్టేట్‌మెంటు, ఒక్కొక్క చార్జీ ఏ కాగితం ప్రకారం వేశారో వివరం, ఆ వ్యక్తికి మీరిచ్చిన ఆథరైజేషన్ లెటరు కాపీ పంపగలరు. ఆగిన వాయిదాలు కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, కంపెనీ ఖాతాకే కడతాను, వేరే ఎవరి నంబరుకీ కట్టను. సాయంత్రం 6 దాటాక మా ఇంటికి ఎవరినీ పంపవద్దు. నా బాకీ విషయం గ్రూపులోని వారితో, మా అబ్బాయి పనిచేసే చోట మాట్లాడవద్దు."

కట్టడానికి సిద్ధంగా ఉన్నాను అనే మాట తప్పకుండా ఉండాలి, మన నిజాయితీ కాగితం మీద కనబడాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి దగ్గరకి వెళ్ళొచ్చు, సీఎంఎస్ అనే పోర్టల్ ఉంది, పైసా ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇంటర్నెట్ రాకపోతే చండీగఢ్‌లోని వాళ్ళ సెంటర్‌కి తెలుగులో రాసి పోస్టు చేసినా తీసుకుంటారు. అమ్మ సంతకంతో ఆథరైజేషన్ ఇస్తే ఆమె తరఫున నువ్వే వెయ్యొచ్చు. కానీ ముందు కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే వెనక్కి పంపిస్తారు, అందుకే ఈ మెయిల్ తేదీ చాలా ముఖ్యం.

శనివారం మళ్ళీ అరిస్తే, మీద మీదకి వస్తే 112కి ఫోన్ చెయ్యమను. భారతీయ న్యాయ సంహితలో 351 సెక్షన్ బెదిరింపులకే ఉంది. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, అది చట్టంలోనే ఉంది, కాబట్టి అమ్మకి లాయరు కావాలంటే నరసరావుపేట కోర్టు ఆవరణలో మండల న్యాయసేవా కమిటీలో అడగండి, లేదా న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యండి.

---

నరసరావుపేట_కుర్రోడు:

అక్కా, ఫీల్డ్ ఆఫీసర్ అన్నా, మీ ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మెయిల్ పెట్టేశాను. నాన్న బ్రాంచికి వెళ్ళి కాగితం ఇచ్చాడు, ముందు తీసుకోం అన్నారంట, పోస్టులో పంపుతాం అనగానే తీసుకుని స్టాంపు వేశారు.

రెండు డౌట్లు. ఒకటి, గ్రూపులో మిగతావాళ్ళు అమ్మ మీద కోపంగా ఉన్నారు, నీ వల్ల మా లోన్లు ఆగిపోతాయి అంటున్నారు, నిజంగా వాళ్ళు కట్టాల్సి వస్తుందా? రెండు, మా బాబాయి అంటున్నాడు 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద చట్టం వచ్చింది, వాళ్ళు అసలు ఊళ్ళోకి రాకూడదు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు అని. అది కరెక్టేనా?

---

రిటైర్డ్_బ్యాంకు_ఉద్యోగి:

మీ బాబాయిగారు చెప్పింది సగం నిజమండి. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత చట్టమైంది. అప్పట్లో వసూళ్ళ ఒత్తిడికి ఊళ్ళలో ఆత్మహత్యలు జరిగాయని పేపర్ల నిండా వార్తలు, మేమంతా కళ్ళారా చూసిన రోజులవి, ఆ చట్టం వచ్చాక కంపెనీల వసూళ్ళు ఒక్కసారిగా పడిపోయాయి. కానీ రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకి రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022లో కేరళ, గుజరాత్ కేసుల్లో చెప్పింది. దాని వెనకే 2023లో తెలంగాణ హైకోర్టు ఈ మైక్రోఫైనాన్స్ చట్టం విషయంలో కూడా అదే మాట చెప్పింది. అందుకని పాత చట్టం చూపించి కట్టను అనకండి, ఆ దారిలో వెళ్తే వడ్డీ పెరుగుతుంది, అమ్మగారి క్రెడిట్ రిపోర్టు పాడవుతుంది. కంపెనీలు ఆగిన వాయిదాల వివరాలు సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకి పంపుతూనే ఉంటాయి, అది బెదిరింపు కాదు, నిజంగానే జరిగేది. మీరు నిలబడాల్సింది రిజర్వ్ బ్యాంకు రూల్స్ మీద.

గ్రూపు విషయం. వాళ్ళు ఒకరికొకరు హామీ ఉన్నట్టు సంతకాలు పెట్టి ఉంటే కంపెనీ వాళ్ళని అడగొచ్చు, కాదనలేం. కానీ కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారుడి బాధ్యత అసలు బాకీదారుడికి ఎంత ఉందో అంతే. అమ్మగారు 10,580 బాకీ అయితే వాళ్ళ హామీ కూడా దాని వరకే, 31,000కి కాదు. ఏజెంటు వేసుకున్న విజిట్ చార్జీలకి మీ పక్కింటావిడ హామీ పెట్టలేదు కదండీ. ఈ మాట ఆడవాళ్ళకి కూర్చోబెట్టి చెప్పండి, ఇవాళ ఒకరి దగ్గర తప్పుడు లెక్క ఒప్పుకుంటే రేపు వాళ్ళకి కూడా అదే చీటీ వస్తుంది. వాళ్ళలో ఎవరికైనా ఇలాంటి చార్జీలు వేశారేమో అడగండి, ఇద్దరు ముగ్గురు కలిసి ఫిర్యాదు ఇస్తే కంపెనీ త్వరగా కదులుతుంది.

ఇంకొక జాగ్రత్త. ఈ మెయిల్ చూశాక లాయర్ లెటర్‌హెడ్ మీద నోటీసో, లోక్ అదాలత్‌కి రమ్మని కాగితమో రావచ్చు. భయపడొద్దు, పారెయ్యొద్దు కూడా. లాయర్ నోటీసు కోర్టు ఆర్డరు కాదు. లోక్ అదాలత్‌లో రెండు వైపులా ఒప్పుకుంటేనే రాజీ, లేకపోతే లేదు, కానీ అక్కడ ఒకసారి సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, మళ్ళీ అప్పీలు ఉండదు. కాబట్టి వెళ్ళండి, స్టేట్‌మెంటు పట్టుకెళ్ళండి, అంకె సరిగ్గా లేకపోతే సంతకం పెట్టకండి. కన్స్యూమర్ కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు, మన జిల్లా కమిషన్లో 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, అయితే నా ఉద్దేశంలో ఇంత చిన్న మొత్తానికి ముందు అంబుడ్స్‌మనే దగ్గరి దారి. సలహా కోసం 1915కి ఫోన్ చెయ్యొచ్చు.

---

గుంటూరు_వ్యాపారి:

ఇంత లెక్క ఉందని నాకు తెలీదు, 6,000 ఎలా వచ్చిందో చదివి ఒళ్ళు మండింది. తమ్ముడూ నేను చెప్పింది వదిలెయ్యి, వీళ్ళు చెప్పినట్టే చెయ్యి. మా దుకాణంలో పనిచేసే ఆవిడకి కూడా గ్రూపు లోను ఉంది, ఆమె కార్డు కూడా రేపు తెప్పించి చూస్తాను.

---

నరసరావుపేట_కుర్రోడు:

స్టేట్‌మెంటు వచ్చిందండి! ఆగిన వాయిదాలు 10,580, లేటు చార్జీలు 529. అంతే. విజిట్ చార్జీలు, లీగల్ చార్జీలు అనే లైనే లేదు. బ్రాంచి మేనేజర్ ఫోన్ చేసి ఆ ఏజెంటుని ఇకనుంచి మీ ఊరికి పంపం, ఎంక్వయిరీ చేస్తాం అన్నాడు, ఆ మాట మెయిల్లో రాసి పంపమన్నాను, ఇంకా పంపలేదు. డబ్బు నేను కంపెనీ ఖాతాకి వేస్తాను, రెండు దఫాలుగా కట్టడానికి ఒప్పుకున్నారు.

ఒక విషయం అర్థం కాలేదు. లోను ఇచ్చిన రోజు లైనులో హాస్పిక్యాష్ ప్లాన్ అని 1,180 కట్ చేసినట్టు ఉంది. అమ్మకి దీని గురించి ఎవరూ చెప్పలేదంట. ఇది కూడా అక్రమంగా వేసిందేనా, వెనక్కి అడగాలా?

---

మాజీ_ఫీల్డ్‌ఆఫీసర్:

ఆగండి ఆగండి, ఇది వెనక్కి అడిగే ముందు ఒకటి చూడాలి. 529 వేశారంటే నెలకి 2 శాతం చొప్పున ఆగిన వాయిదాల మీదే వేశారు, మనం చేసిన 10 నెలల లెక్కకి సరిగ్గా సరిపోయింది, అది ఓకే.

హాస్పిక్యాష్ అంటే ఆసుపత్రిలో చేరితే రోజుకి ఇంత అని ఇచ్చే ఇన్సూరెన్సు. లోనుతో పాటు అంటగడతారు, చాలామందికి ఉన్నట్టే తెలీదు. ఇలాంటివి మన ఒప్పుకోలు లేకుండా ఇవ్వకూడదు, దాని ఫీజు లోన్ కార్డు మీద రాయాలి, కాబట్టి చెప్పకుండా కట్ చేశారని ఫిర్యాదులో ఒక లైను కలపొచ్చు. కానీ అమ్మగారికి మణికట్టు ఆపరేషన్ అయింది అన్నారు కదా, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నారు? ఆ తేదీకి పాలసీ అమల్లో ఉంటే మీకు డబ్బు రావాలి! అది మీ వాయిదాకి ఉపయోగపడుతుంది. వాయిదా ఎందుకు ఆగిందని అడిగిన రోజే ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత ఆ ఫీల్డ్ ఆఫీసర్‌ది.

వెంటనే బ్రాంచిలో పాలసీ సర్టిఫికెట్ కాపీ అడగండి, ఇన్సూరెన్సు కంపెనీ పేరు, పాలసీ నంబరు, ఎప్పటినుంచి ఎప్పటివరకు అనేది దాంట్లో ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఎక్స్‌రే రిపోర్టు, అమ్మగారి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు రెడీ పెట్టుకోండి. క్లెయిమ్‌కి గడువు ఉంటుంది, దాటినా ఇంట్లోవాళ్ళకి పాలసీ ఉందనే తెలీదు, ఎవరూ చెప్పలేదు అని కారణం రాసి పెట్టండి, ఊరికే వదలొద్దు.

---

లీగల్ఎయిడ్_అక్క:

అవును, అది ముఖ్యం. క్లెయిమ్ తిరస్కరిస్తే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఆంధ్ర, తెలంగాణ రెండిటికీ అదే.

ఇంకా, బాకీ మొత్తం తీరిన రోజు బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ అడుగు, లోన్ కార్డు మీద లోను తీరిపోయినట్టు ఎంట్రీ వేయించు. నెలన్నర ఆగి అమ్మ క్రెడిట్ రిపోర్టు తీసి చూడు, ఒక్కో బ్యూరో నుంచి ఏడాదికి ఒకసారి ఫ్రీగా ఇస్తారు, మన దగ్గర నాలుగు బ్యూరోలు ఉన్నాయి. తప్పుగా ఉంటే ఫిర్యాదు పెట్టు, 30 రోజుల్లో సరిచెయ్యకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఆ రూలు ఉంది. ఏజెంటు రాసిచ్చిన ఆ చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వకు, జిరాక్సే ఇవ్వు, ఎంక్వయిరీకి కావాలి అని బ్రాంచివాళ్ళు అడిగినా సరే.